రఫేల్ ఎం ఎందుకు కొంటున్నాం? యుద్ధంలో నౌక మీది ఫైటర్ చేసే పనేమిటి?

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం రేవు మీదా, కాకినాడ మీదా జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అంతకు రెండు వారాల ముందే జపాన్ అండమాన్‌ను పట్టుకుంది కానీ, ఆ విమానాలు అక్కణ్ణుంచి రాలేదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖకు దాదాపు 1,200 కిలోమీటర్లు. వచ్చి, బాంబులేసి, తిరిగి అంత దూరం వెళ్లడం ఆనాటి చిన్న బాంబర్ల తరం కాదు. బంగాళాఖాతంలోకి చొరబడిన ‘ర్యూజో’ అనే ఒక చిన్న విమానవాహక నౌక మీద నుంచి అవి లేచాయి. బాంబులు పడ్డ రెండు ఊళ్లూ యుద్ధరంగానికి దూరంగా ఉన్నామనుకున్నవే.

ఇప్పుడు ఈ సంగతి మాట్లాడుకోవడానికి కారణం, 2025 ఏప్రిల్‌లో భారత్ ఫ్రాన్స్‌తో కుదుర్చుకున్న ఒప్పందం. మన నేవీకి 26 రఫేల్ యుద్ధ విమానాలు, ఖర్చు సుమారు 63 వేల కోట్ల రూపాయలు. వీటిలో నౌక మీద దిగగలిగే ‘రఫేల్ ఎం’ రకం 22. మిగతా నాలుగు రెండు సీట్లవి, శిక్షణ కోసం. ఒప్పందంలో ఆయుధాలు, సిమ్యులేటర్లు, విడిభాగాలు, నిర్వహణ కూడా కలిసి ఉన్నాయి కాబట్టి, మొత్తాన్ని 26తో భాగించి ‘ఒక్కో విమానం ఇంత’ అనడం సరైన లెక్క కాదు. అయినా ఒక పోలిక మాత్రం గమనించాలి. ఈ విమానాలను మోయబోయే ఐఎన్ఎస్ విక్రాంత్‌ను కొచ్చిలో కట్టడానికి అయింది సుమారు 20 వేల కోట్లు. అంటే మోసే నౌక కంటే దాని మీది విమానాలకే మూడింతలు పెడుతున్నాం.

క్షిపణుల కాలంలో ఇదంతా దేనికన్నది ఒక ప్రశ్న. ఎయిర్‌ఫోర్స్ కోసం ఇప్పటికే 36 రఫేల్‌లు కొన్నాం కదా, అవి చాలవా అన్నది ఇంకొకటి. రెండూ న్యాయమైనవే.

ముందు మాటల అర్థాలు

విమానవాహక నౌక అంటే తేలే రన్‌వే, దాని కింద హ్యాంగర్, ఇంధనం, ఆయుధాల గోదాం. దానికంటూ ఉండే తుపాకులు, క్షిపణులు ఆత్మరక్షణకే. దాని అసలు ఆయుధం విమానాలే. అది ఎప్పుడూ ఒంటరిగా తిరగదు. చుట్టూ డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు, ఇంధన నౌక ఉంటాయి, నీటి అడుగున జలాంతర్గామి కూడా ఉండొచ్చు. ఈ మొత్తాన్ని క్యారియర్ గ్రూప్ అంటారు.

నౌక మీది ఫైటర్ చూడటానికి మామూలు ఫైటర్‌లాగే ఉంటుంది. తేడా ఎముకల్లో ఉంది. డెక్ మీద దిగేటప్పుడు అది మెల్లగా వాలదు, దాదాపు పడుతుంది. అందుకే చక్రాల కాళ్లు బలంగా, ఒళ్లు దిట్టంగా, తోక కింద ఒక హుక్‌తో తయారుచేస్తారు. డెక్‌కు అడ్డంగా కట్టిన ఉక్కు తీగల్లో ఒకదాన్ని ఆ హుక్ పట్టుకోవాలి. చక్రాలు తాకగానే పైలట్ ఇంజన్‌ను తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు. హుక్ తీగను అందుకోకపోతే డెక్ చివర సముద్రమే కాబట్టి, ఆ వేగంతోనే మళ్లీ గాల్లోకి లేవాలి. ఎయిర్‌ఫోర్స్ రఫేల్‌ను తెచ్చి విక్రాంత్ మీద పెట్టలేకపోవడానికి మొదటి కారణం ఇదే.

రెండు వందల మీటర్లలో ఎగరడం ఎలా?

ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. ఒక విమానం లేవాలంటే రెక్కల మీదుగా గంటకు 250 కిలోమీటర్ల వేగంతో గాలి పోవాలనుకుందాం. విక్రాంత్ గరిష్ఠ వేగం 28 నాట్లు, అంటే గంటకు 52 కిలోమీటర్లు. నౌకను గాలికి ఎదురుగా తిప్పితే, సముద్రం మీద వీచే 20 కిలోమీటర్ల గాలి కూడా కలిసివస్తుంది. కదలకముందే విమానం రెక్కల మీద 72 కిలోమీటర్ల గాలి ఉంది. ఇక అది డెక్ మీద అందుకోవాల్సింది 178 మాత్రమే. వేగం తగ్గితే కావాల్సిన దూరం దాని వర్గం లెక్కన తగ్గుతుంది. 178 వర్గాన్ని 250 వర్గంతో భాగించండి, సగం వస్తుంది. కేవలం గాలికి ఎదురు తిరగడంతో రన్‌వే అవసరం సగానికి పడిపోయింది.

ఆ మిగతా సగాన్ని సంపాదించడానికి మూడు దారులున్నాయి. అమెరికా, ఫ్రాన్స్ నౌకల్లో క్యాటపుల్ట్ ఉంటుంది. ఆవిరితోనో, అమెరికా ఫోర్డ్‌లోనూ చైనా ఫుజియాన్‌లోనూ అయితే విద్యుదయస్కాంత శక్తితోనో, విమానాన్ని రెండు మూడు సెకన్లలో విసిరేస్తుంది. మన విక్రాంత్‌లో, మన మరో విమానవాహక నౌక విక్రమాదిత్యలో స్కీ జంప్ ఉంటుంది. డెక్ ముందు భాగం పైకి వంగి ఉంటుంది, విమానం సొంత ఇంజన్ బలంతో పరిగెత్తి ఆ వంపు మీదుగా పైకి లేస్తుంది. మూడోది, హారియర్‌లా, నేటి ఎఫ్-35బిలా తక్కువ దూరంలో లేచి నిలువుగా దిగడం.

స్కీ జంప్ చౌక, యంత్రాలు తక్కువ, చెడిపోయేదీ తక్కువ. కానీ బరువు దగ్గర రాజీ పడాలి. ట్యాంకు నిండా ఇంధనం, రెక్కల నిండా బాంబులు రెండూ పెట్టుకుని లేవడం కష్టం. అంతకంటే పెద్ద లోటు ఇంకోటి ఉంది, దాని సంగతి 1982 ఫాక్లాండ్స్ యుద్ధం దగ్గర వస్తుంది.

గాలి లెక్కను తేలిగ్గా తీసుకోకండి. ఆ యుద్ధంలోనే, 1982 మే 2న, అర్జెంటీనా విమానవాహక నౌక బ్రిటిష్ నౌకల మీదికి స్కైహాక్ విమానాలను పంపడానికి సిద్ధమైంది. ఆ దక్షిణ సముద్రంలో ఎప్పుడూ హోరున వీచే గాలి ఆ పూట పడిపోయింది. బాంబులతో విమానాలు లేవలేకపోయాయి, దాడి ఆగిపోయింది. అదే రోజు బ్రిటిష్ జలాంతర్గామి ‘జనరల్ బెల్‌గ్రానో’ అనే అర్జెంటీనా క్రూయిజర్‌ను ముంచింది. దాంతో ఆ విమానవాహక నౌక రేవుకు వెళ్లిపోయింది, యుద్ధం అయ్యేదాకా మళ్లీ బయటికి రాలేదు.

మొదటి పని కాపలా, తర్వాతే దాడి

ఫైటర్ అనగానే ఎక్కడికో పోయి బాంబులేసి వచ్చే బొమ్మ కళ్ల ముందు మెదులుతుంది. యుద్ధ చరిత్ర చూస్తే నౌక మీది ఫైటర్ విలువ ఎక్కువగా తెలిసింది అది లేని చోట.

1941 డిసెంబర్ 10న మలయా తీరంలో బ్రిటన్ అతి పెద్ద యుద్ధనౌకల్లో రెండు, ‘ప్రిన్స్ ఆఫ్ వేల్స్’, ‘రిపల్స్’, జపాన్ విమానాల చేతిలో మునిగాయి. పైన కాపుగా ఒక్క ఫైటర్ లేదు. వాటితో రావాల్సిన విమానవాహక నౌక అంతకుముందే జమైకా దగ్గర నేలకు తట్టుకుని మరమ్మతుకు పోయింది. ఎనిమిది వందల మందికి పైగా చనిపోయారు.

నాలుగు నెలలకు మన పక్కనే ఇంకో పాఠం. విశాఖ మీద బాంబులు పడిన మూడు రోజుల తర్వాత, 1942 ఏప్రిల్ 9న, బ్రిటిష్ నౌక ‘హెర్మిస్’ శ్రీలంక తూర్పు తీరంలో మునిగింది. అది పెద్ద ఫిరంగుల యుద్ధనౌక కాదు, విమానవాహక నౌకే. కానీ ఆ పూట దాని మీద విమానాలు లేవు, ఒడ్డున ట్రింకోమలీలో ఉండిపోయాయి. ఫైటర్లు లేని విమానవాహక నౌక అంటే పెద్ద గురి, అంతే.

ఇక ఫైటర్లు ఉండీ ఓడిన కథ మిడ్‌వే. 1942 జూన్ 4 ఉదయం పసిఫిక్‌లో నాలుగు జపాన్ విమానవాహక నౌకల మీదికి అమెరికా టార్పెడో విమానాలు వచ్చాయి. నీటికి ఆనుకుని, నెమ్మదిగా, ఒక గుంపు తర్వాత ఒకటి. ‘హోర్నెట్’ నుంచి వచ్చిన 15 విమానాలూ కూలిపోయాయి, వాటిలోని 30 మందిలో బతికి బయటపడింది ఒక్కరే. ఒక్క టార్పెడో కూడా తగల్లేదు. జపాన్ జీరో ఫైటర్లు తమ పని బాగానే చేశాయి, అయితే ఆ పనిలో పడి కిందికి దిగిపోయాయి. పదింపావు దాటాక ‘ఎంటర్‌ప్రైజ్’, ‘యార్క్‌టౌన్’ల డైవ్ బాంబర్లు చాలా ఎత్తు నుంచి వచ్చాయి. పైన అడ్డుకునేవాళ్లు లేరు. కొద్ది నిమిషాల్లో ‘అకాగి’, ‘కాగా’, ‘సోర్యూ’ మంటల్లో ఉన్నాయి. సాయంత్రానికి నాలుగోది ‘హిర్యూ’కూ అదే గతి.

ఆ జపాన్ నౌకల మీద రాడార్ లేదు. ఏ దిక్కు నుంచి, ఏ ఎత్తులో ఎవరొస్తున్నారో పైలట్లకు చెప్పే వ్యవస్థ లేదు. కాపలా ఫైటర్ ఎంత మంచిదైనా, దాన్ని సరైన చోట నిలబెట్టే కన్ను లేకపోతే అంతే సంగతులు.

1971: పగిలిన బాయిలర్‌తో వెళ్లిన విక్రాంత్

ఇదే పేరున్న పాత విమానవాహక నౌక విక్రాంత్ 1965 యుద్ధంలో మరమ్మతులో ఉండి పాల్గొనలేదు. 1971 నాటికీ పరిస్థితి గొప్పగా ఏమీ లేదు. నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగులు, వేగం 16 నాట్ల దాకా పడిపోయింది. పై లెక్క చూసినవాళ్లకు ఇది విమానాల మీద ఎంత దెబ్బో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే దాన్ని పాకిస్థాన్ జలాంతర్గాముల ముప్పు ఎక్కువుండే పశ్చిమానికి పంపకుండా బంగాళాఖాతానికి పంపారు. పాకిస్థాన్ దాని వేటకు ‘ఘాజీ’ జలాంతర్గామిని పంపింది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, అది విశాఖ దగ్గరే ఉన్నట్టు పాత డిస్ట్రాయర్ ‘రాజ్‌పుత్’తో వైర్‌లెస్ సందేశాలు నడిపించారు. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ విశాఖ తీరంలో మునిగింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీటి అడుగున పేలే బాంబుల) వల్లేనని మన నేవీ అంటుంది, ప్రమాదవశాత్తు మునిగిందని పాకిస్థాన్ అంటుంది. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు.

డిసెంబర్ 4 పొద్దున ఎనిమిది సీ హాక్ ఫైటర్లు విక్రాంత్ మీద నుంచి లేచి కాక్స్ బజార్ విమానాశ్రయం మీద పడ్డాయి. తర్వాత చిట్టగాంగ్, ఖుల్నా, మంగ్లా. రేవులు, ఓడలు, రన్‌వేలు దెబ్బతిన్నాయి. తూర్పు పాకిస్థాన్‌లోని సైన్యానికి సముద్రం వైపు తలుపు మూసుకుపోయింది. ఆ యుద్ధంలో శత్రువు కాల్పులకు ఒక్క సీ హాక్ కూడా కూలలేదు. మనం డిసెంబర్ 4న నేవీ డే జరుపుకునేది కరాచీ మీద క్షిపణి పడవల దాడికి గుర్తుగా. అదే తేదీన బంగాళాఖాతంలో జరిగిన ఈ పని విశాఖలో బీచ్‌కు వచ్చే జనంలో కూడా చాలామందికి తెలియదు.

ఇక్కడ విమర్శకుల మాటా వినాలి. ఆ వైపు పాకిస్థాన్‌కు ఉన్నది ఢాకాలో ఒకే ఫైటర్ స్క్వాడ్రన్. మన ఎయిర్‌ఫోర్స్ రెండు మూడు రోజుల్లోనే అక్కడి రన్‌వేను పనికిరాకుండా చేసింది. అంటే సీ హాక్‌లకు గాల్లో ఎదురు నిలిచేవాళ్లే లేరు. గట్టి ప్రత్యర్థి ముందు 16 నాట్ల నౌక నిలిచేదా అన్నది సబబైన సందేహమే. నా మటుకు నాకు 1971 చెప్పేది, బలహీనమైన గాలి రక్షణ ఉన్న తీరాన్ని దిగ్బంధించడానికి విమానవాహక నౌక బాగా పనికొస్తుందని. అంతకు మించి దాని నుంచి పిండుకోకూడదు.

ఫాక్లాండ్స్: దూరం ఖరీదు, కన్ను ఖరీదు

1982లో బ్రిటన్ తన దేశానికి దాదాపు 13 వేల కిలోమీటర్ల దూరంలోని దీవుల కోసం అర్జెంటీనాతో యుద్ధం చేసింది. నేల మీది విమానాలు చాలవా అనే ప్రశ్నకు ఇంతకంటే తేటైన ఉదాహరణ దొరకదు.

బ్రిటన్‌కు దగ్గరి వైమానిక స్థావరం అసెన్షన్ దీవి, అదీ ఆరు వేల కిలోమీటర్ల పైన. మే 1న అక్కణ్ణుంచి ఒక వల్కన్ బాంబర్ దీవుల రాజధాని స్టాన్లీ రన్‌వే మీద 21 బాంబులు వేసింది. ఆ ఒక్క విమానాన్ని తీసుకెళ్లి తీసుకురావడానికి దారిలో ఇంధనం నింపే ట్యాంకర్ విమానాలు పదకొండు కావాల్సి వచ్చాయి. రన్‌వేకు తగిలింది ఒక్క బాంబు.

అదే సమయంలో రెండు విమానవాహక నౌకల మీది సీ హారియర్లు, మొత్తం యుద్ధంలో 28, రోజూ దీవుల మీద కాపలా కాశాయి. గాలిలో 20 విమానాలను కూల్చాయి, శత్రు విమానాల చేతిలో ఒక్కటీ పోలేదు. అర్జెంటీనా జెట్‌లు తమ తీరం నుంచి ఇంధనం అంచుల మీద వచ్చేవి, దీవుల పైన ఉండగలిగింది నిమిషాలు మాత్రమే. నౌక దగ్గరగా ఉండటమే సీ హారియర్ బలం. ఆ రెండు నౌకల్లో పెద్దది, ‘హెర్మిస్’ (1942లో మునిగినదాని పేరే మళ్లీ పెట్టారు), తర్వాత మన ‘విరాట్’ అయింది. సీ హారియర్లు మన నేవీలో 2016 దాకా ఎగిరాయి. ఒకటి ఇప్పుడు విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉంది.

అయినా బ్రిటన్ చాలా నౌకలను పోగొట్టుకుంది. మే 4న ‘షెఫీల్డ్’ను ఎక్సోసెట్ క్షిపణి తాకింది. కారణం భూమి గుండ్రంగా ఉండటం. నౌక మీద 30 మీటర్ల ఎత్తులో ఉన్న రాడార్‌కు, అలల మీద ఐదు మీటర్ల ఎత్తులో వచ్చే క్షిపణి సుమారు 32 కిలోమీటర్ల దూరంలో కానీ కనబడదు. సెకనుకు 300 మీటర్ల వేగంతో వచ్చేదానికి అది రెండు నిమిషాల ప్రయాణం కూడా కాదు. అదే రాడార్‌ను మూడు వేల మీటర్ల ఎత్తుకు తీసుకెళితే 235 కిలోమీటర్ల దాకా కనబడుతుంది, పదమూడు నిమిషాలు చేతిలో ఉంటాయి. ఆ వ్యవధిలో ఫైటర్ ఎదురెళ్లొచ్చు, ఇంకా మంచిది, క్షిపణిని వదలకముందే దాన్ని మోసుకొచ్చే విమానాన్ని పట్టుకోవచ్చు. బ్రిటన్ దగ్గర అప్పుడు ఎగిరే రాడార్ లేదు.

స్కీ జంప్‌కున్న పెద్ద లోటు ఇదే. ఎగిరే రాడార్‌ను మోసే బరువైన విమానాలకు క్యాటపుల్ట్ కావాలి. అమెరికాకు హాక్‌ఐ ఉంది, చైనా ఫుజియాన్ కోసం అలాంటిదే తయారుచేసుకుంది. మన నేవీ కామోవ్-31 హెలికాప్టర్లతో నెట్టుకొస్తోంది. హెలికాప్టర్ అంత ఎత్తుకు పోలేదు, అంతసేపు గాల్లో ఉండలేదు.

ఇరవై ఫైటర్లు ఉంటే గాల్లో ఉండేవి ఎన్ని?

చర్చల్లో తరచూ జారిపోయే లెక్క ఇది. నౌక మీద ఎప్పుడూ ఒక జత ఫైటర్లు కాపలాగా గాల్లో ఉండాలనుకుందాం. ఒక జత తన చోట గంటన్నర నిలబడగలదు. 24 గంటలకు 16 జతలు, అంటే 32 సార్లు విమానం లేవాలి. ఒక్కో విమానం రోజుకు రెండుసార్లు ఎగిరితే 16 విమానాలు కావాలి. ఎప్పుడూ మూడోవంతు మరమ్మతులో ఉంటాయి కాబట్టి అసలు కావాల్సింది 24. దాడికి ఒక్కటీ మిగల్లేదు, గాల్లో ఉన్నవి మాత్రం రెండే.

విక్రాంత్ మీద హెలికాప్టర్లతో కలిపి సుమారు 30 పడతాయి. అందుకే చిన్న నౌకలు రోజంతా కాపలా ఎగరేయవు. పైలట్లను కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి, కబురు రాగానే లేచేట్టు డెక్ మీద సిద్ధంగా ఉంచుతాయి. ఆ డెక్ మీదే దిగేవి దిగాలి, లేచేవి లేవాలి, ఇంధనం నింపాలి. సంక్రాంతి ముందు రోజు ఆర్టీసీ బస్టాండ్‌లో ఒక బస్సు రివర్స్ తీస్తే పది బస్సులు కదలాల్సిన పరిస్థితి.

మూడోవంతు మరమ్మతు అన్నది కూడా ఆశావాదమే. ఇప్పుడు మన నౌకల మీద ఎగురుతున్న మిగ్-29కె ఫైటర్ల మీద, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2016లో ఇచ్చిన నివేదిక, ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి 15.93 శాతం నుంచి 37.63 శాతం మధ్యే అంది. కొన్నది 45. రఫేల్ ఎం కొనుగోలును అర్థం చేసుకోవడానికి నాకు రాడార్, క్షిపణుల వివరాల కన్నా ఈ ఒక్క లెక్కే ఎక్కువ ఉపయోగపడింది.

వద్దనేవాళ్ల వాదనలో బలమెంత?

మొదటిది, నౌకను క్షిపణి ముంచేస్తుందన్నది. చైనా డీఎఫ్-21డి పరిధి సుమారు 1,500 కిలోమీటర్లు, డీఎఫ్-26ది అంతకు రెట్టింపు పైనే. గాల్లో ఇంధనం నింపుకోకుండా నౌక ఫైటర్ మామూలుగా అంత దూరం వెళ్లి తిరిగి రావడం కష్టం. అంటే ఫైటర్ దెబ్బ కొట్టే దూరానికి వచ్చేలోగా నౌక దెబ్బ తినే దూరంలో ఉంటుంది. అవతలి వాదన, నౌక కదులుతుందన్నది. 28 నాట్ల వేగంతో అరగంటలో అది 26 కిలోమీటర్లు పోగలదు, వెతకాల్సిన వలయం రెండు వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. ఉపగ్రహాలు, క్షిపణి ముక్కులోని రాడార్ ఆ వలయాన్ని కుదించొచ్చు. ఆ క్షిపణులను యుద్ధంలో కదిలే విమానవాహక నౌక మీద ఇంతవరకూ ఎవరూ వాడలేదు కాబట్టి రెండు పక్షాలదీ అంచనాయే.

రెండోది డబ్బు. 2020లో అప్పటి త్రివిధ దళాల అధిపతి (సీడీఎస్) జనరల్ బిపిన్ రావత్ మూడో విమానవాహక నౌక కంటే జలాంతర్గాములకు ప్రాధాన్యమివ్వాలన్నారు. అండమాన్ లాంటి దీవులే మునగని స్థావరాలన్నది ఈ పక్షం మాట. దీనికి నేవీ జవాబు, దీవి కదలదు, దాని అక్షాంశ రేఖాంశాలు శత్రువు దగ్గర ముందే ఉంటాయని. స్థావరం నుంచి దూరం పెరిగేకొద్దీ లెక్క కూడా మారుతుంది. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వెళ్లి రావడానికే రెండు గంటల నలభై నిమిషాలు. గాల్లో ఇంధనం నింపకుండా అక్కడ ఆగి ఎక్కువసేపు కాపలా కాసే వీలుండదు. మన ఎయిర్‌ఫోర్స్ దగ్గరున్న ఇల్యూషిన్ ట్యాంకర్లు ఆరే.

మూడోది, చిన్న ప్రత్యర్థి కూడా పెద్ద నౌకను అలసగొట్టగలడన్నది. ఎర్ర సముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులైన హూతీల మీద పోరులో అమెరికా నౌక ‘హ్యారీ ఎస్. ట్రూమన్’ 2024 డిసెంబర్ నుంచి 2025 మే లోపు మూడు సూపర్ హోర్నెట్ ఫైటర్లను పోగొట్టుకుంది. ఒకదాన్ని సొంత క్రూయిజరే పొరపాటున కూల్చింది. ఒకటి లాగే ట్రాక్టర్‌తో సహా నౌక మీద నుంచి సముద్రంలో పడింది. ఇంకొకటి దిగేటప్పుడు ఆగక నీళ్లలోకి పోయింది. మూడింటిలో ఏదీ హూతీల క్షిపణి తగిలి కూలింది కాదు.

ఆపరేషన్ సిందూర్ సమయంలో, 2025 మేలో, విక్రాంత్ గ్రూప్ ఉత్తర అరేబియా సముద్రంలో ఉంది. పాకిస్థాన్ నౌకలు, విమానాలు రేవుల్లోనో తీరానికి దగ్గరగానో ఉండిపోయేలా చేశామని మన నేవీ ప్రకటించింది. విక్రాంత్ ఫైటర్లు దాడి చేయలేదు కాబట్టి అందులో ఎంత వాటి భయం, ఎంత ఇతర కారణాలు అని విడదీసి కొలిచే తూకం లేదు.

కొత్త విమానం వల్ల మారేది, మారనిది

రఫేల్ ఎం 2022 జనవరిలో గోవాలోని నేవీ స్థావరంలో స్కీ జంప్ మీద నుంచి లేచి చూపించింది. ఎయిర్‌ఫోర్స్ రఫేల్‌తో విడిభాగాలు, శిక్షణ పంచుకోవచ్చు. సిద్ధంగా ఉండే విమానాల శాతం పెరిగితే, పైన వేసిన కాపలా లెక్క చాలా మెరుగుపడుతుంది. మారనివీ ఉన్నాయి. దీని రెక్కలు మిగ్-29కెలా మడవవు, కాబట్టి హ్యాంగర్‌లో చోటు ఎక్కువ తింటుంది. స్కీ జంప్ పెట్టే బరువు పరిమితి అలాగే ఉంటుంది, ఎగిరే రాడార్‌గా హెలికాప్టరే ఉంటుంది. డెక్ మీద దిగగలిగే 22 విమానాలు ఒక నౌకకు చాలొచ్చు, రెండింటికి చాలవు.

మొదటి విమానాలు రావాల్సింది 2028లో, అన్నీ చేరడానికి 2030 అవుతుంది. దేశీయంగా తయారుచేస్తున్న రెండు ఇంజన్ల డెక్ ఫైటర్ ఆ తర్వాతి మాట. అప్పటిదాకా విక్రాంత్‌కూ, విక్రమాదిత్యకూ మిగ్-29కెలే దిక్కు.